దత్తత, ఫోస్టర్ కేర్, బాల్యపు గాయాల మీద సినిమాలు: మీ ఇంటికి ఏది, ఎప్పుడు

దత్తతకు దరఖాస్తు పెట్టుకున్న దంపతులు ఒకవైపు, దత్తత తీసుకున్న ఎనిమిదేళ్ల పాపతో కూర్చుని ఏదైనా చూద్దామనుకునే అమ్మ ఇంకోవైపు. చిన్నప్పుడు పడ్డ దెబ్బల గురించి ముప్పై ఏళ్లు దాటాక నోరు విప్పుతున్న మనిషి మరోవైపు. ఈ ముగ్గురి చేతిలోనూ ఒకటే సినిమాల జాబితా పెడుతుంటారు. మొదటివాళ్లకు కళ్లు తెరిపించే సినిమా ఆ పాపకు నాలుగు రాత్రుల నిద్ర లేకుండా చేయొచ్చు. పాపకు హాయిగా ఉండే సినిమా దరఖాస్తుదారులకు ఏమీ నేర్పకపోవచ్చు. కాబట్టి సినిమా బాగుందా లేదా అన్నది రెండో ప్రశ్న. ఎవరు చూస్తున్నారన్నదే మొదటిది.

ఏ సినిమానైనా తూకం వేయడానికి పనికొచ్చే గుర్తు ఒకటుంది: కథ ఎక్కడ ఆగుతుందో చూడండి. బిడ్డ గుమ్మం తొక్కిన రోజునో, కోర్టు ముందు అందరూ నవ్వుతూ ఫొటో దిగిన రోజునో ఆగిపోయే కథ మనసుకు బాగుంటుంది గానీ ఆ మర్నాటి నుంచి ఎలా బతకాలో చెప్పదు. బిడ్డ లోపలికొచ్చాక గడిచిన మామూలు రోజుల్ని చూపించే కథలే అక్కరకొస్తాయి: అన్నం ముట్టని పూట, తడిసిన పక్క, దాచుకున్న బిస్కెట్లు, కారణం లేకుండా ఎగసిన కోపం. దాంతోపాటు కన్నవాళ్లను ఎలా చూపించారో కూడా గమనించండి. వాళ్లను రాక్షసుల్ని చేసినా, అసలు ప్రస్తావనే లేకుండా చేసినా ఆ సినిమా సగం నిజాన్ని వదిలేసినట్టే. ఎంత మంచి ఇంటికొచ్చినా బిడ్డ అంతకుముందు ఒక ఇంటిని పోగొట్టుకునే వచ్చింది.

దరఖాస్తు పెట్టుకుంటున్నవాళ్లకు

ఎక్కువమంది మొదట చూసేది ‘ఇన్‌స్టంట్ ఫ్యామిలీ’ (2018). దర్శకుడు షాన్ యాండర్స్ తానే ఫోస్టర్ కేర్ (కన్నవాళ్ల దగ్గర ఉండలేని బిడ్డను తాత్కాలికంగా వేరే ఇంట్లో పెంచే ఏర్పాటు) ద్వారా ముగ్గురు తోబుట్టువుల్ని దత్తత తీసుకున్నాడు. ఆ అనుభవమే ఈ కథకు మూలం. హాస్యచిత్రమే అయినా అమెరికా ఫోస్టర్ వ్యవస్థ ఎలా నడుస్తుందో వరసగా చూపిస్తుంది: శిక్షణ తరగతులు, పెంచే తల్లిదండ్రుల సహాయక బృందం, సోషల్ వర్కర్ల రాకపోకలు, కన్నతల్లితో కలిసే సమయాలు, చివరకు కోర్టు. ఇందులో రెండు విషయాల మీద మనసు పెట్టండి. మొదటిది, పిల్లలు వచ్చిన కొత్తలో అంతా సాఫీగా ఉండటం. దాన్ని హనీమూన్ కాలం అంటారు. అది అయిపోగానే ఇల్లు తలకిందులవుతుంది. బిడ్డ చెడిపోయిందని కాదు, ఇక్కడ కోపం చూపించినా గెంటేయరేమోనని పరీక్షించే ధైర్యం వచ్చిందన్నమాట. రెండోది, కన్నతల్లి తిరిగి రావడం. ఫోస్టర్ కేర్‌లో మొదటి లక్ష్యం బిడ్డను కన్నవాళ్ల దగ్గరికి క్షేమంగా చేర్చడమే. ఆ సంగతి విన్నప్పుడు భార్యాభర్తల ముఖాలు వాడిపోయే తీరు ఈ సినిమాలో చాలా నిజాయితీగా ఉంది. అదే కబురు విన్నప్పుడు మీ గుండెలో ఏం కదులుతుందో దరఖాస్తు మీద సంతకం పెట్టకముందే తెలుసుకోవడం మంచిది. లోపం ఒక్కటే, ముడులన్నీ రెండు గంటల్లో విడిపోతాయి.

ఆ లోపాన్ని పూడ్చేది ‘ద కిడ్ విత్ ఎ బైక్’ (2011). బెల్జియం సోదరులు డార్డెన్‌లు తీశారు, గంటన్నర లోపే అయిపోతుంది. పదకొండేళ్ల సిరిల్‌ను తండ్రి బాలల గృహంలో వదిలేసి పోయాడు. వాడు మాత్రం నాన్న వస్తాడనే నమ్ముతున్నాడు. పారిపోతూ ఒక క్లినిక్‌లో ఎవరో తెలియని ఆడమనిషిని కరుచుకుంటాడు. పట్టుకుంటే పట్టుకో గానీ మరీ అంత గట్టిగా వద్దంటుంది ఆవిడ. బిడ్డను దగ్గరికి తీసుకుంటూనే హద్దు చెప్పడం ఎలాగో ఆ ఒక్క మాటలో ఉంది. శిక్షణ తరగతిలో గంటసేపు వివరించినా ఇంత సూటిగా అందదు. తర్వాత ఆమె వాడిని వారాంతాల్లో తన దగ్గర పెట్టుకుంటుంది. తండ్రి ముఖం చాటేసినప్పుడు, ఆ మాటేదో నువ్వే నీ కొడుక్కి చెప్పమని తండ్రిని నిలదీస్తుంది. అబద్ధపు ఆశ కంటే చేదు నిజమే బిడ్డకు మేలని ఆమెకు తెలుసు. నిజం విన్నాక కారులో పిల్లాడు తన ముఖం తానే రక్కుకుంటాడు. ఆమె ఉపన్యాసమేమీ ఇవ్వదు, కారు ఆపి పట్టుకుంటుంది. కొన్నాళ్లకు వాడు ఆమెనే గాయపరుస్తాడు కూడా. ప్రేమ చూపించాను కదా, ఇంకా ఇలా ఎందుకు చేస్తున్నాడని విసుగొచ్చే ప్రతి పెద్దమనిషీ చూడాల్సిన సినిమా ఇది.

‘ద క్వైట్ గర్ల్’ (2022) దారి పూర్తిగా వేరు. ఐరిష్ భాషలో తీసిన ఈ సినిమాలో కేకలుండవు, కొట్లాటలుండవు. 1981లో, ఇంట్లో ఎవరికీ పట్టని తొమ్మిదేళ్ల కాయిట్‌ను వేసవికని దూరపు బంధువుల ఇంటికి పంపుతారు. మొదటి రాత్రే పక్క తడుపుతుంది. పొద్దున్నే ఆ పెద్దావిడ చూసి, పాతపరుపు కదా, చెమ్మగిల్లుతుందని తప్పు పరుపు మీదకు నెట్టేస్తుంది. పిల్లకు సిగ్గనిపించకుండా కాపాడటం ఎలాగో అక్కడ నేర్చుకోవచ్చు. ముభావంగా ఉండే పెద్దాయన ఒకరోజు ఏమీ అనకుండా బల్ల మీద ఒక బిస్కెట్ పెట్టి వెళ్లిపోతాడు. అదే ఆయన పలకరింపు. గొడవ చేసే బిడ్డ బాధ అందరికీ కనిపిస్తుంది, అణిగిమణిగి ఉండే బిడ్డ బాధ ఎవరి కంటా పడదు. ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయే ఇళ్లకు ఈ సినిమా మొదటి ఎంపిక.

జర్మన్ సినిమా ‘సిస్టమ్ క్రాషర్’ (2019) వీటన్నిటికంటే కఠినమైనది. తొమ్మిదేళ్ల బెన్నీని ఏ ఇల్లూ, ఏ గృహమూ నిలుపుకోలేకపోతుంది. ముఖం ముట్టుకుంటే చాలు పిల్ల అదుపు తప్పుతుంది, పసితనంలో జరిగిన హింస ఆ స్పర్శలో దాగి ఉంది. తల్లి మీద ప్రాణం పెట్టుకుని ఉంటుంది, తల్లేమో బిడ్డను చూసి భయపడుతుంది. తనను నమ్ముకున్న పిల్లను తానే ఉద్ధరించాలన్న కోరిక పెరిగిపోతోందని గుర్తించి, ఈ కేసు నుంచి తప్పించండని అడుగుతాడు బెన్నీకి తోడుగా ఉండే మిహా. సోషల్ వర్కర్లు, ఉపాధ్యాయులు, కౌన్సెలర్లు కలిసి కూర్చుని చర్చించుకోవడానికి ఇంతకంటే బలమైన సినిమా మా దృష్టిలో లేదు. మొదటిసారి దత్తతకు సిద్ధపడుతున్నవాళ్లు మాత్రం దీంతో మొదలుపెట్టొద్దు. అత్యంత తీవ్రమైన ఒక కేసును చూసి పిల్లలందరూ ఇంతేనేమో అనుకునే ప్రమాదముంది. ఇన్‌స్టంట్ ఫ్యామిలీ, తర్వాత కిడ్ విత్ ఎ బైక్, ఆ తర్వాత క్వైట్ గర్ల్, ఒక్కోదానికి మధ్య వారం విరామం. సిస్టమ్ క్రాషర్ శిక్షణ పూర్తయ్యాకే.

బిడ్డతో కలిసి చూడాలంటే

ముందు మీరొక్కరే పూర్తిగా చూడాలి. ట్రెయిలరో, ఎవరో రాసిన సమీక్షో సరిపోదు. సెన్సార్ ధ్రువపత్రాలు బూతులు, రక్తం, హింస లెక్క చెబుతాయి గానీ, బిడ్డను తిరిగి పంపేయడం, అమ్మ చనిపోవడం, తలుపు మూసి వెళ్లిపోవడం వంటివాటికి వాటిలో గుర్తు ఉండదు. ‘డెస్పికబుల్ మీ’ (2010) ఇందుకు సరైన ఉదాహరణ. అందరూ నవ్వుకునే బొమ్మల సినిమా. కానీ మధ్యలో దత్తత తీసుకున్న ముగ్గురు అమ్మాయిల్నీ మళ్లీ అనాథాశ్రమానికి పంపేస్తారు. ఒక ఇల్లు మారి వచ్చిన బిడ్డ మనసులో మెదిలే పెద్ద భయం అదే. తర్వాత అంతా సర్దుకుంటుందని మనకు తెలుసు, ఆ పది నిమిషాలు బిడ్డకు తెలియదు. చూపించాలనుకుంటే, పిల్లలు వెనక్కి వెళ్తారు, మళ్లీ వస్తారు అని ముందే చెప్పేయండి. కథ మజా కొంచెం తగ్గినా ఫర్వాలేదు.

ఆరేడేళ్ల నుంచి ‘లీలో అండ్ స్టిచ్’ (2002) బాగుంటుంది. తల్లిదండ్రులు కారు ప్రమాదంలో పోయాక అక్కే చెల్లెల్ని పెంచుతుంటుంది, సోషల్ వర్కర్ ఎప్పుడు తీసుకుపోతాడోనన్న బెంగతో. బంధువుల దగ్గర పెరిగే పిల్లల కథలు తెర మీద తక్కువ, అందుకే దీని విలువ ఎక్కువ. చెల్లెలి అల్లరి వెనక దుఃఖం ఉందని ఎవరూ నోటితో చెప్పరు, అయినా తెలిసిపోతుంది.

‘కుంగ్ ఫూ పాండా 2’ (2011) ఎనిమిదేళ్లు దాటాక. నేనెక్కడి నుంచి వచ్చానని ‘పో’ అనే పాండా అడగడం, పెంచిన బాతు నాన్న బెదిరిపోతూ చెప్పడం, బిడ్డ మనసు విరగకుండా కథ ముగియడం, అన్నీ చక్కగా కుదిరాయి. అయితే పో కన్నతల్లి ప్రమాదంలో బిడ్డను దాచిపెట్టి దూరంగా పరిగెత్తే జ్ఞాపకం ముక్కలు ముక్కలుగా వస్తుంటుంది. హింసనో యుద్ధాన్నో చూసి వచ్చిన బిడ్డకు అది బరువు. మూడో భాగంలో (2016) కన్నతండ్రి ప్రత్యక్షమవుతాడు, పెంచిన నాన్నకు అసూయా భయమూ పుడతాయి. ఆ భాగం పిల్లలకంటే పెద్దలకే ఎక్కువ తగులుతుంది.

పది పన్నెండేళ్ల వాళ్లకు ‘మై లైఫ్ యాజ్ ఎ జుకీని’ (2016). స్విస్ దర్శకుడు క్లోడ్ బరాస్ మట్టిబొమ్మల్లాంటి బొమ్మలతో తీశాడు, గంటా పది నిమిషాలకు మించదు. తాగుబోతు తల్లి పోయాక ఒక పిల్లాడు బాలల గృహానికి వస్తాడు. తల్లి గుర్తుగా అతను దాచుకున్నది ఖాళీ బీరు డబ్బా. ఆ డబ్బాను ఎవరూ వెక్కిరించకూడదు. మన కంటికి చెత్తలా కనిపించే వస్తువులో బిడ్డకు అమ్మ ఉంటుంది. కొత్తగా వచ్చిన బిడ్డ పాత సంచినీ మాసిన దుప్పటినీ పారేయాలనిపించినప్పుడు ఈ డబ్బా గుర్తుకు రావాలి. మంచివాళ్లే నడిపే గృహాన్ని చూపించిన అరుదైన సినిమా కూడా ఇదే. పిల్లలు ఒకరికొకరు తమకేం జరిగిందో మాట్లాడుకునే చోట లైంగిక హింస ప్రస్తావన ఉంది, క్లుప్తంగా. దీన్ని ముందే చూసి నిర్ణయించుకోండి.

మణిరత్నం ‘అమృత’ (2002) తెలుగు ఇళ్లలో చాలామంది చూసిందే. తొమ్మిదో పుట్టినరోజున పాపకు నువ్వు మా కడుపున పుట్టలేదని చెప్తారు. ఆ తర్వాత ఆ పిల్ల పడే అలజడి, కన్నతల్లి కోసం వెతుకులాట, యుద్ధం మధ్య శ్రీలంక. గొప్ప సినిమాయే. కానీ నిజం చెప్పే పద్ధతికి మాత్రం దీన్ని ఆదర్శంగా తీసుకోకండి. ఈ రంగంలో పనిచేసేవాళ్లు చెప్పేది దానికి నేరుగా ఎదురు: బిడ్డకు మాటలు రాకముందే మొదలుపెట్టి, నిద్రపుచ్చే కథలా వందసార్లు చెప్పాలి. అలా చెప్తే ఫలానా రోజున తెలిసిందన్న గుర్తే బిడ్డకు ఉండదు. పుట్టినరోజు ముహూర్తం అసలు వద్దు, ఆ రోజు ఏటా తిరిగి వస్తుంది. ఇంకా చెప్పని ఇంట్లో ఈ సినిమాను ఒక సూచనలా చూపించి బిడ్డ అర్థం చేసుకుంటుందిలే అనుకోవడం పెద్ద పొరపాటు. నిజం ముందు మీ నోటి నుంచి రావాలి.

కూర్చునే పద్ధతి గురించి కొంచెం. పగటిపూట చూడండి, నిద్రవేళకు కనీసం మూడు గంటల ముందు సినిమా పూర్తవ్వాలి. రిమోట్ బిడ్డ చేతిలో ఉండాలి, ఎప్పుడైనా ఆపొచ్చని, ఎందుకని ఎవరూ అడగరని ముందే చెప్పాలి. ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి. ముఖంలోకి చూస్తూ ఉంటే పిల్లలు జవాబు చెప్పాల్సిన స్థితిలో పడతారు. అయిపోయాక నీకూ ఇలాగే అనిపించిందా అని అడగకండి. ఆ పిల్లాడు ఆ డబ్బాను ఎందుకు దాచుకున్నాడంటావ్ అని పాత్ర గురించి అడగండి. ఇష్టముంటే బిడ్డే అక్కడి నుంచి తన దగ్గరికి వస్తుంది, లేకపోతే అంతటితో వదిలేయాలి.

పెద్దయ్యాక, మూలాల వెతుకులాటలో

‘లయన్’ (2016), ‘రిటర్న్ టు సోల్’ (2022) మధ్య ఎంచుకోవాల్సి వస్తే ముందు మీ మనసు ఏ దశలో ఉందో చూసుకోండి. 1986లో ఐదేళ్ల సరూ ఖాండ్వా ప్రాంతం నుంచి రైల్లో నిద్రపోయి కలకత్తా చేరాడు, టాస్మేనియా దంపతులకు దత్తత వెళ్లాడు. పాతికేళ్ల తర్వాత గూగుల్ ఎర్త్‌లో ఊరు వెతుక్కుని 2012లో తల్లిని కలిశాడు. లయన్ ఆ నిజజీవిత కథ. కన్నతల్లినీ పెంచిన తల్లినీ పోటీ పెట్టకపోవడం దీని గొప్పతనం. చాలామంది పట్టించుకోని పాత్ర ఇందులో ఇంకొకటుంది: రెండో దత్తపుత్రుడు మంతోష్. వచ్చిన మొదటిరోజే తల బాదుకుంటాడు, పెద్దయ్యాకా కోలుకోడు. ఒకే ఇల్లు, అదే ప్రేమ, రెండు భిన్నమైన జీవితాలు. ఇంటికి రాకముందు ఏం జరిగిందో దాని బరువు అలా ఉంటుంది.

లయన్ చూసి వెతకడం మొదలుపెట్టినవాళ్లు కౌగిలింతతో కథ ముగుస్తుందని ఆశపడతారు. రిటర్న్ టు సోల్ ఆ ఆశను సరిదిద్దుతుంది. కొరియాలో పుట్టి ఫ్రాన్స్‌లో పెరిగిన ఫ్రెడ్డీకి దత్తత సంస్థ ద్వారా కన్నతండ్రి సులువుగానే దొరుకుతాడు. కానీ తాగి అర్ధరాత్రి సందేశాలు పంపే ఆ తండ్రిని ఏం చేసుకోవాలో ఆమెకు తెలియదు. తల్లి మొదట కలవడానికి ఒప్పుకోదు. ఏళ్లు గడుస్తాయి, ఆమె కోపం రూపాలు మారుస్తుంటుంది. మీరు వెతుకులాటకు దరఖాస్తు పెట్టేముందు ఒకటే సినిమా చూసేటట్టయితే ఇదే చూడండి. లయన్‌ను పెంచిన తల్లిదండ్రులతో కలిసి చూడటానికి ఉంచుకోండి.

డాక్యుమెంటరీల్లో ‘త్రీ ఐడెంటికల్ స్ట్రేంజర్స్’ (2018) బలమైనదే. ఆరు నెలల వయసులో ముగ్గురు కవల సోదరుల్ని వేర్వేరు ఇళ్లకు దత్తత ఇచ్చారు. పరిశోధన కోసం విడదీసిన సంగతి పెంచినవాళ్లకూ చెప్పలేదు. 1980లో అనుకోకుండా ఒకరికొకరు దొరికారు. మొదటి అరగంట పండగలా ఉంటుంది, తర్వాత చీకటి. ఆత్మహత్య ప్రస్తావన ఉంది, మనసు కుదురుగా లేని రోజుల్లో వద్దు.

గాయపడి బతికి బయటపడ్డవాళ్లకు

‘షార్ట్ టర్మ్ 12’ (2013) తీసిన డెస్టిన్ డేనియల్ క్రెట్టన్ ఈ సినిమాలో చూపించినలాంటి బాలల గృహంలో పనిచేసినవాడే, అందుకే ప్రతి వివరం నమ్మేలా ఉంటుంది. పద్దెనిమిది నిండబోతున్న మార్కస్ భయం, నీట్లో ఆక్టోపస్ కథ రూపంలో తండ్రి సంగతి చెప్పే అమ్మాయి. బిడ్డ తన గాయాన్ని సూటిగా చెప్పదు, కథగా చెబుతుందని ఇంత బాగా చూపించిన సినిమా మరొకటి దొరకదు. అయితే స్వీయగాయాలు, ఆత్మహత్యాయత్నం నేరుగా కనిపిస్తాయి. చివర్లో ఆ గృహంలో పనిచేసే గ్రేస్ బ్యాట్ పట్టుకుని ఆ అమ్మాయి తండ్రి ఇంట్లో దూరడం సినిమాకు సరిపోయింది గానీ, ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్లు చేయాల్సిన పని మాత్రం కాదు.

దెబ్బల జ్ఞాపకం మీకు ఇంకా పచ్చిగా ఉంటే ‘గుడ్ విల్ హంటింగ్’ (1997) కాస్త తేలిక. హింస గురించి మాట్లాడతారే గానీ తెర మీద దాదాపు చూపించరు. ‘ఆంట్వోన్ ఫిషర్’ (2002) ఫోస్టర్ ఇంట్లో జరిగిన హింసనూ లైంగిక దాడినీ నెమరువేస్తుంది. ఫిషర్ తన జీవితాన్ని తానే స్క్రీన్‌ప్లేగా రాసుకున్నాడు. రెంటిలోనూ చికిత్స కొన్ని గదుల్లో, కొన్ని సంభాషణల్లో పూర్తయినట్టు కనిపిస్తుంది. ఒక్క ఏడుపుతో కట్ట తెగి మనిషి తేలికపడిపోతాడనుకుంటే, అసలు చికిత్సలో మూడో నెలకు నిరాశ పుడుతుంది.

సీరియల్స్

‘దిస్ ఈజ్ అస్’ (2016–2022) 106 ఎపిసోడ్లు, ‘ద ఫాస్టర్స్’ (2013–2018) 104, ‘యాన్ విత్ యాన్ ఇ’ (2017–2019) 27. అన్నీ చూసే తీరిక ఎవరికుంది? మొదటిదాంట్లో మొదటి రెండు సీజన్లు చాలు. తెల్లవాళ్ల ఇంట పెరిగిన నల్లజాతి కొడుకు రాండాల్ కన్నతండ్రిని కలుస్తాడు. ఆ తండ్రి ఎవరో పెంచిన తల్లికి మొదటినుంచీ తెలుసని, దాచిందని బయటపడుతుంది. ప్రేమతోనే దాచిన రహస్యం ఎంత విరుస్తుందో అక్కడ చూడాలి. రెండో సీజన్లో అతనే డేజా అనే అమ్మాయికి ఫోస్టర్ తండ్రి అవుతాడు. ఆమె తల్లి దగ్గరికి తిరిగి వెళ్లిపోయే ఎపిసోడ్ తాత్కాలికంగా పెంచాలనుకునే ప్రతి ఇల్లూ చూడాలి. ఫాస్టర్స్ టీనేజ్ పిల్లలకు నచ్చుతుంది, ఫోస్టర్ ఇళ్ల మధ్య తిరిగే అక్కాతమ్ముళ్ల బంధం బాగుంది. అయితే ఎపిసోడ్‌కో ప్రమాదం పేరుస్తారు, దాన్ని నాటకంగానే తీసుకోవాలి. అనాథ అమ్మాయి యాన్ కథను చిన్నప్పుడు పుస్తకంలో చదివినవాళ్లు జాగ్రత్త: ఈ రూపంలో ఆమె పాత ఇళ్లలో పడ్డ హింస కళ్ల ముందుకొస్తుంది. పన్నెండేళ్ల లోపు వద్దు.

పక్కన పెట్టాల్సినవి

‘ద బ్లైండ్ సైడ్’ (2009) సాండ్రా బుల్లక్‌కు ఆస్కార్ తెచ్చింది. కానీ కథలోని ఫుట్‌బాల్ ఆటగాడు మైకేల్ ఓహెర్ 2023లో కోర్టుకెళ్లి, తనను ఇంట్లో పెట్టుకున్న కుటుంబం దత్తత తీసుకోనేలేదని, 2004లో జరిగింది కన్సర్వేటర్‌షిప్ (తన తరఫున నిర్ణయాలు తీసుకునే చట్టబద్ధ అధికారం) మాత్రమేనని చెప్పాడు. అదే ఏడాది కోర్టు దాన్ని రద్దుచేసింది. కాపాడినవాళ్ల వైపు నుంచే కథ చెబితే, బిడ్డ నోటి మాట పక్కకు పోతుందనడానికి దీనికంటే స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు. చూసినా, ఈ సంగతి తెలిసి చూడండి. ‘ఆర్ఫన్’ (2009) లాంటి హారర్ సినిమాలు దత్తత వచ్చిన బిడ్డే ముప్పు అన్న భయాన్ని అమ్ముతాయి. దత్తత బిడ్డను సొంతబిడ్డలా ప్రేమించడం కష్టమన్న అర్థం వచ్చే మాటను, నిరసనలు వచ్చాక, ట్రెయిలర్ నుంచి తీసేశారు. దత్తత వచ్చిన పిల్లలున్న ఇంట్లో సరదాకైనా పెట్టకండి.

డబ్బింగుల్లో, సబ్‌టైటిళ్లలో ఇంకో చిక్కుంది. ‘అసలు అమ్మ’ అని రాస్తారు, అంటే పెంచిన అమ్మ నకిలీదని బిడ్డకు వినిపిస్తుంది. కన్నతల్లి అంటే సరిపోతుంది. ‘పెంపుడు కూతురు’ కూడా అంతే, పెంపుడు కుక్కకూ అదే మాట కదా. పక్కన కూర్చుని చూస్తున్నప్పుడు అలాంటి మాట రాగానే, మనింట్లో మనం కన్నతల్లి అంటాం అని మెల్లగా ఒక్కమాట చెప్పి వదిలేయండి.

చూస్తుండగా బిడ్డ బిగుసుకుపోతే, ఉన్నట్టుండి పకపకా నవ్వితే, పదేపదే బాత్రూంకి వెళ్తానంటే ఆపేయండి. లైటు వేసి, మంచినీళ్లిచ్చి, ఇప్పుడు మనం మన హాల్లో ఉన్నాం, మధ్యాహ్నం నాలుగైంది అని చెప్పండి. కారణం అడగకండి. మూడు రాత్రులు నిద్ర, పక్క తడపడం, తిండి, మిమ్మల్ని అంటిపెట్టుకుని తిరగడం గమనించి రాసిపెట్టుకోండి. నాలుగో రోజుకీ తగ్గకపోతే ఆ కాగితం, ఏ సన్నివేశం దగ్గర ఆపారో ఆ వివరం, రెండూ పట్టుకుని బిడ్డను చూసే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి.